ఖాళీ రోడ్డు మీద ఏడు ఇటుకలు

సింధు సైకిల్ లైటు ఒక్కసారిగా పైకి లేచి, గిర్రున తిరిగి, పక్కనున్న తుమ్మచెట్టును చూపించి ఆరిపోయింది. చప్పుడు ఆ తర్వాత వినిపించింది.

నేను ఆమెకు ఇరవై అడుగుల వెనక ఉన్నాను. రెండు బ్రేకులూ కలిపి నొక్కాను. నా ముందు చక్రం దేనికో తగిలీ తగలకుండా ఆగింది. వంగి చూశాను. సిమెంటు ఇటుక. దాని పక్కన మూరెడు దూరంలో ఇంకోటి. రోడ్డు ఎడమ సగానికి అడ్డంగా నాలుగు, మధ్యగీత వెంట మూడు. తారు రంగూ వాటి రంగూ ఒకటే.

"ఆగండి! ఎవ్వరూ ముందుకు రావద్దు!" అని వెనక్కి అరిచాను. ఎనిమిది లైట్లు ఒకదాని వెనక ఒకటి ఆగాయి.

సింధు పిల్లకాలువ గట్టు మీద పడి ఉంది. హెల్మెట్ రెండు ముక్కలైంది. కుడి తొడ ఉండాల్సిన తీరులో లేదు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

"అక్కా, నా సైకిల్‌కి ఏమైంది?" అని అడిగింది.

ఐదు దాటి ఐదు నిమిషాలు. ఏప్రిల్ ఆఖరి వారం. కోదాడ నుంచి హుజూర్‌నగర్ పోయే రోడ్డులో తొమ్మిదో కిలోమీటరు. మేం పదిమందిమి మచిలీపట్నం సముద్రంలో చక్రాలు తడిపి బయలుదేరి అది మూడో రోజు. గోవా సముద్రంలో మళ్లీ తడపాలి. సింధు హైదరాబాద్ అమ్మాయి, ఇరవై మూడేళ్లు, మా అందరిలోకీ వేగం ఎక్కువ. నేను నల్లగొండ దగ్గర ఒక గురుకులంలో పీఈటీని. సెలవులిచ్చిన మర్నాడే యాత్రలో కలిశాను.

ఆ తొమ్మిదో కిలోమీటరు మా ఊరిదే. ఆ తుమ్మచెట్టు మా పొలం గట్టుది.

సామాన్ల వ్యాన్ నడుపుతూ వెనక వస్తున్న కృపాకర్ సార్ దిగి పరిగెత్తుకొచ్చారు. రైల్వేలో రిటైరైన మనిషి. యాత్ర ఆయన పెట్టిందే. ఆయన సింధు కాలుకు కర్రలు కట్టే పనిలో ఉండగా అవతలి నుంచి ఒక టార్చి ఊగుతూ వచ్చింది.

"ఎవరది? ఏమైంది?" అంటూ వచ్చిన మనిషి నన్ను చూసి ఆగాడు. "నువ్వా బిడ్డా!"

జంగయ్య మామ. కౌలు రైతు. మా పొలం దాటాక వంద అడుగుల అవతల ఆయన వడ్లు రోడ్డు మీద ఆరబోసి ఉన్నాయి. వాటికి కాపలాగా పక్కనే మంచం వేసుకుని పడుకుంటాడు. కోతల కాలంలో మా వైపు రోడ్డు సగం బండ్లకు, సగం వడ్లకు.

"మామా, ఇవెవరు పెట్టిండ్రు?"

ఆయన టార్చి ఇటుకల మీద నిలిచింది. తర్వాత నా ముఖం మీదికి వచ్చింది. తర్వాత మళ్లీ కిందికి పోయింది.

"ముందుగాల ఇవి తీద్దాం పట్టు. ఎనక లారీలొస్తయ్. ఇంకోడు పడతడు."

ఇద్దరం కలిసి ఏడు ఇటుకలూ కాలువలోకి దొర్లించాం. మోకాటి లోతు నీళ్లు. ఒక్కటీ పైకి కనిపించలేదు. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల గురించి ఆ ఏడాది పొడుగునా ఎవరెవరికో చెప్పాల్సి వచ్చింది.

సింధును వ్యాన్‌లోకి ఎక్కించాక కృపాకర్ సార్ నన్ను పక్కకు పిలిచారు.

"నవనీతా, నేను సూర్యాపేట తీసుకెళ్తాను. నువ్వు మిగతావాళ్లను మిర్యాలగూడ చేర్చు."

"నేను కూడా వస్తా సార్."

"వచ్చి ఏం చేస్తావు? ఈ రోడ్డు తెలిసింది నీకొక్కదానికే. ఎనిమిది మందిని చీకట్లో వదిలేద్దామా?" వ్యాన్ ఎక్కుతూ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నారు. "పోలీసులకు చెప్తున్నాను. ఇది దానంతటది పడ్డ ఇటుక కాదు. ఎవడో పేర్చాడు."

అది నాకూ కనిపించింది. ట్రాక్టర్ మీంచి జారిపడ్డవి అలా వరసగా ఉండవు.

*

హుజూర్‌నగర్ చేరేసరికి ఏడు కావస్తోంది. వెలుతురు వచ్చాక రోడ్డు తేలికైంది. కోత మిషన్లు ఎదురొచ్చాయి. ట్రాక్టర్ వెనక ట్రాక్టర్. రోడ్డుకు ఎడమ పక్క పొడుగునా వడ్లు, వాటి చుట్టూ రాళ్లు, కాళ్లతో సాళ్లు తీస్తూ వడ్లు తిరగేసే ఆడవాళ్లు. ఒకరి వెనక ఒకరం కుడివైపు తొక్కుకుంటూ వచ్చాం.

సెంటర్‌లో నీళ్ల కోసం ఆగినప్పుడు సార్ ఫోన్.

"తొడ ఎముక, భుజం ఎముక. తల బాగానే ఉందట. వాళ్ల నాన్న హైదరాబాద్ నుంచి బయలుదేరాడు."

"హమ్మయ్య సార్."

"ఇంకో మాట. ఆ ముసలాయన్ని స్టేషన్‌కు తీసుకెళ్లారు."

"ఎవరిని? జంగయ్య మామనా? ఎందుకు?"

"రోడ్డు మీద వడ్లు ఆయనవే, మంచం ఆయనదే, రాళ్లు ఆయనవే. ఇంకెవరుంటారు? సాయంత్రం నువ్వు స్టేషన్‌కు వచ్చి చూసింది చెప్పాలి. దగ్గర్నుంచి చూసింది నువ్వే."

జంగయ్య మామ రాళ్లు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆయన ప్రతి రాయికీ సున్నం పూస్తాడు. చీకట్లో బండ్లవాళ్లకు కనబడాలని. ఊళ్లో ఇంకెవరూ ఆ పని చేయరు. "జంగయ్య రాళ్లకు గూడ పెండ్లి చేస్తడు" అని నవ్వుతారు. ఆ మనిషి సున్నం లేని ఇటుక రోడ్డు మీద పెట్టడు. కానీ ఆ ఇటుకలు ఇప్పుడు కాలువలో ఉన్నాయి. వెళ్లిన కానిస్టేబుల్‌కు కనిపించినవి సున్నపు రాళ్లే.

ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తలేదు. తమ్ముడు రాకేష్ ఎత్తలేదు. మళ్లీ సైకిల్ ఎక్కాను.

నేరేడుచర్లలో టిఫిన్. మాతో తొక్కుతున్న గోపాల్ గారు నా ఎదురుగా కూర్చున్నారు. నందిగామలో ఎరువుల షాపు ఆయనది. పొద్దున్నుంచీ నోరు మూసుకుని ఉండటం ఆయనకు చాలా కష్టమైనట్టుంది.

"ఏవండీ మేడం, ఒక డౌటు. వడ్లు పోస్తే చుట్టూ రాళ్లు పెడతారు, సరే. వడ్లు లేని చోట ఇటుకలెందుకండీ?"

"జాగా పట్టుకోడానికి."

"అంటే?"

"బస్సులో సీటు మీద కర్చీఫ్ వేస్తారు కదా, అట్లా. రాళ్లు పెట్టిన చోట ఇంకొకరు పోయరు. రోడ్డు ఖాళీగా ఉందంటే పొద్దుగూకేలోపు ఎవరో ఒకరు పోసేస్తారు. ఖాళీగా ఉండాలంటే..."

అక్కడ ఆగాను.

"ఊఁ, ఖాళీగా ఉండాలంటే?" అన్నారు గోపాల్ గారు ఇడ్లీ తుంచుతూ. "అబ్బ, మీ వాళ్లు రోడ్డుకు కూడా రిజర్వేషన్ పెట్టారండీ."

ఇడ్లీ వదిలేసి బయటికి వచ్చాను.

మా పొలం ముందు రోడ్డు మలుపు తిరుగుతుంది. మలుపులో వడ్ల మీదికి సైకిల్ ఎక్కిందంటే ఎంతటివాడైనా జారిపడతాడు. అందుకని మూడు రోజుల ముందే రాకేష్‌కు ఫోన్ చేసి చెప్పాను, మేమొచ్చే పొద్దున ఆ వంద అడుగులు ఖాళీగా ఉంచమని.

ఈసారి అమ్మ ఎత్తింది.

"అమ్మా, ఇంటికాడ సిమెంటు ఇటుకలు దింపిండ్రా?"

"మొన్న మంగళారం దింపిండ్రు. ఎనక గది మొదలువెట్టినం గద. నీకెవరు చెప్పిండ్రు? నువ్వొచ్చినంక చూపిద్దామనుకున్న."

రెండు నెలలుగా నేను ఇంటికి పోలేదు. ఆ గది గోడలు ఇప్పటికీ నడుము ఎత్తులోనే ఉన్నాయి. ఏడు ఇటుకలు తక్కువై కాదు.

"తమ్ముడేడి?"

"పొద్దుగాల ఐదున్నరకు ఆదరాబాదరా బండేస్కొని పోయిండు. పది నిమిషాలల్ల తిరిగొచ్చి తలుపేసుకున్నడు. ఛాయ్ తాగరా అంటె ఉలకడు పలకడు. ఏమైందే?"

"ఫోన్ వానికియ్యి."

అమ్మ తలుపు కొట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత వాడి గొంతు.

"అక్కా, ఆ పిల్ల బతికున్నదా?"

"ఉన్నది. ఇటుకలు నువ్వు పెట్టినవా?"

"నువ్వే గద ఖాళీగ ఉంచమన్నవ్."

"ఖాళీగ ఉంచమన్న. ఇటుకలు పెట్టమన్ననా?"

"పెట్టకుంటె ఖాళీగ ఎట్లుంటదక్కా? నీకు తెల్వదా? జంగయ్య మామ ఆడిదాక పోసుకుంట వచ్చి, మన ఇటుకలు సూసి ఆగిండు. 'మా సైకిళ్లొస్తయ్ మామా' అని చెప్పిన గూడ."

జంగయ్య మామకు తెలుసన్నమాట. టార్చి ఇటుకల మీంచి నా ముఖం మీదికి ఎందుకు వచ్చిందో అర్థమైంది.

"మరి ఎందుకు తీయలే?"

"తీసేటందుకే పోయిన! ఐదున్నరకు! కోదాడల ఐదున్నరకు ఎల్లి ఆరింటికి ఈడికొస్తమన్నవ్. అన్నవా లేదా? నేను పోయేసరికి ఆడ జనం, రక్తం. ఇటుకలు లెవ్వు. ఎనకకొచ్చిన." వాడి ఊపిరి వినిపిస్తోంది. "గంట ముందు ఎందుకొచ్చిండ్రక్కా?"

ఎందుకంటే ముందు రోజు కోదాడ లాడ్జిలో భోంచేసేటప్పుడు ఎండ గురించి మాట వచ్చింది. ఇక్కడి ఎండ మీకు తెలియదు, గంట ముందు బయలుదేరదాం అని ఒకరన్నారు. అందరూ సరే అన్నారు. ఆ అన్నది నేనే. రాకేష్‌కు చెప్పాల్సింది కూడా నేనే. ఫోన్ చార్జింగ్‌లో పెట్టి పడుకున్నాను.

"అక్కా," అన్నాడు వాడు. "సోమవారం నా వెరిఫికేషన్."

రాకేష్ కానిస్టేబుల్‌గా సెలక్టయ్యాడు. నాలుగేళ్లు, మూడు ప్రయత్నాలు. పోలీసు కొలువు ఇచ్చేముందు వాళ్లు చూసేది ఒక్కటే, అభ్యర్థి మీద కేసు ఉందా లేదా అని. ఆ యాసంగి కోతల నాటికి మా ఇంట్లో ఒక సర్కారు కొలువు ఉంది, ఇంకోటి గుమ్మం దాకా వచ్చింది. రెండూ నిలవవని నేరేడుచర్ల టిఫిన్ సెంటర్ ముందు నిలబడి ఉన్నప్పుడే తెలిసింది.

"ఎవ్వరితోటి ఏం మాట్లాడకు," అని ఫోన్ పెట్టేశాను.

అక్కడి నుంచి మిర్యాలగూడ ఇరవై పైచిలుకు కిలోమీటర్లు. ఎదురుగాలి. మంచి వేగంతో తొక్కాం. ఊరు దగ్గర పడేకొద్దీ రైస్ మిల్లులు, గేట్ల ముందు వడ్ల లారీల బారు, ఉడకబెట్టిన వడ్ల వాసన, గాల్లో ఊక. కళ్లల్లో పడి మండుతుంటే గోపాల్ గారు కర్చీఫ్ ఇచ్చారు.

"ఏడుస్తున్నారా మేడం?"

"ఊకండీ."

"ఊరుకుంటే ఎట్లా, చెప్పండి మరి."

"ఊక అంటున్నా. మిల్లు ఊక."

ఆయన ఆ పూటకు మొదటిసారి నవ్వారు. పదింటికి అందర్నీ లాడ్జికి చేర్చి, సైకిల్ ఆయనకు అప్పగించి, సూర్యాపేట బస్సెక్కాను.

*

సింధు తొడకు బరువు కట్టి ఉంది. సాయంత్రం హైదరాబాద్ తీసుకెళ్లి రాడ్ వేస్తారట. మత్తులో ఉన్నా మాట స్పష్టంగానే ఉంది.

"ఎవరు పెట్టారక్కా అవి? తిట్టడానికి కాదు. నాకు అర్థం కావడం లేదు, అంతే. ఖాళీ రోడ్డు కదా."

దుప్పటి సర్దాను.

వరండాలో కృపాకర్ సార్ ఫిర్యాదు కాపీ చూపించారు. "మీ ఊరి మనిషట కదా. నీకు ఇబ్బందని తెలుసు. అయినా వదలను నవనీతా. మళ్లీ తొక్కగలదో లేదో డాక్టర్ చెప్పలేకపోతున్నాడు."

"వదలొద్దు సార్," అన్నాను.

కోదాడ బస్సులో కూర్చునేసరికి పడమట మబ్బు పట్టింది. యాసంగి కోతల్లో ఆ మబ్బు చూసి మా వైపు నవ్వేవాళ్లు ఉండరు. కోదాడలో ఆటో మాట్లాడుకుని ఊరి వైపు వస్తుంటే మొదటి చినుకులు పడ్డాయి. రోడ్డు పొడుగునా జనం వడ్లు కుప్పలు చేస్తున్నారు, వాటి మీదికి టార్పాలిన్ పట్టాలు లాగుతున్నారు.

జంగయ్య మామ వడ్ల దగ్గర ఆయన భార్య కాటమ్మ ఒక్కతే ఉంటుందనుకున్నాను. ఒక్కతే లేదు. పట్టా ఒక అంచు మా అమ్మ సాయమ్మ పట్టుకుంది, ఇంకో అంచు రాకేష్. గాలికి పట్టా ఎగిరి కొడుతోంది.

"రేపే మా టోకెన్," అంది కాటమ్మ నన్ను చూసి. కొనుగోలు సెంటర్లో ఆమె వడ్లు తూకం వేసే రోజు. "తడిస్తె మల్ల వారం. మీ మామ పొద్దున ఛాయ్ గూడ తాగలే బిడ్డా. ఆడ ఏమన్న పెట్టిండ్రో లేదో."

కింద సగం వడ్లు అప్పటికే తడిసి రంగు మారాయి. నేనూ ఒక అంచు పట్టుకున్నాను. రాళ్లు పెట్టి బిగించాక అమ్మ నన్ను తుమ్మచెట్టు దగ్గరికి లాక్కుపోయింది. రాకేష్ చెప్పేసినట్టున్నాడు.

"నువ్వు స్టేషన్‌కు పోతున్నవా?"

"పోవాలె."

"పోయి, చీకట్ల కనపడలేదని చెప్పు. జంగయ్యకు ఏమైతది? పెద్దమనిషి, రెండ్రోజులల్ల ఇడిసిపెడతరు. వీని కొలువు పోతె మల్ల వస్తదా?"

"ఆయన వడ్లు తడుస్తున్నయమ్మా."

"అందుకే గద పట్టా కప్పుతున్నం!"

రాకేష్ దగ్గరికి వచ్చాడు. "అక్కా, నేనే పోయి చెప్తా," అన్నాడు. మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ చేతిలోని తాడు వదల్లేదు.

"వాని పేరు నీ నోట రావద్దు," అంది అమ్మ. "నా మీద ఒట్టెయ్." తడిసిన చెయ్యి చాపింది.

నేను చెయ్యి వేయలేదు. ఆటో ఎక్కాను. తర్వాత అమ్మ నాతో మాట్లాడటానికి వానాకాలం నాట్లు రావాల్సి వచ్చింది.

*

స్టేషన్‌లో జంగయ్య మామ గోడవార బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మెడలో తువ్వాల. నన్ను చూసి, వాన వైపు చూశాడు.

"మీ అత్త పట్టా కప్పిందా?"

"కప్పినం మామా."

ఎస్సై నాకంటే చిన్నవాడు. కుర్చీ చూపించి కాగితం ముందుకు లాక్కున్నాడు.

"ఈయనతోటి పరేషాన్ అవుతున్న మేడం. రాళ్లు నీవా అంటె 'నావి సున్నం పూసినయ్ సారూ' అంటడు. మరి కొట్టుకున్నయెవరివి అంటె 'నాకు రేచీకటి' అంటడు. రేచీకటోడివి వడ్లెట్ల కాస్తున్నవ్ అంటె..."

"కాసేది టార్చిలైటు సారూ," అన్నాడు జంగయ్య మామ బల్ల మీంచి. "నేను పక్కన పంటా."

"సూసిండ్రా? గిట్ల పొద్దటి సంది."

నేను మామ వైపు తిరిగాను. "మామా, నువ్వు సూసినవ్ గద."

"ఏం సూడలే." ఆయన తువ్వాల సర్దుకున్నాడు. "నీకు గూడ ఏం కనపడలే. చీకటుండె. పోరగాండ్లకు కొలువులు ఊకె రావు బిడ్డా, ఇంటికి పో."

ఎస్సై కలం ఆగింది. నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు.

బయట మోటార్‌సైకిల్ ఆగిన చప్పుడు. తలుపు దగ్గర రాకేష్ నిలబడ్డాడు. నెత్తి నుంచి నీళ్లు కారుతున్నాయి. లోపలికి రాలేదు, వెనక్కి పోలేదు.

"రాసుకోండి సార్," అన్నాను. "అవి రాళ్లు కాదు, సిమెంటు ఇటుకలు. ఏడు. మా ఇంటివి. ఇప్పుడు మా పొలం ముందు కాలువలో ఉన్నాయి, మనిషిని దింపించి చూసుకోవచ్చు. అక్కడ ఎవరూ వడ్లు పోయకుండా, మా సైకిళ్లకు రోడ్డు ఖాళీగా ఉండాలని పెట్టినవి. జంగయ్య మామకు ఏ సంబంధమూ లేదు. కాలువలోకి దొర్లించింది కూడా నేనే అని రాయండి."

ఎస్సై రాయలేదు. కలం బల్ల మీద పెట్టాడు.

"మేడం, మీరు సర్కారు కొలువుల ఉన్నరు. ఎఫ్ఐఆర్‌ల పేరెక్కితె ముందుగాల సస్పెన్షన్, తర్వాత మిగిలిందంత. ఆలోచించి చెప్పుండ్రి. మీ ఇంటివన్నరు. ఇంట్ల నలుగురుంటరు. ఒకరు పెట్టమంటరు, ఒకరు పెడతరు. ముద్దాయి కింద నేనెవరిని రాయాలె?"

తలుపు దగ్గర కదలిక. "సార్..." అన్నాడు రాకేష్.

"వాడు మా తమ్ముడు సార్, నన్ను తీసుకపోవడానికి వచ్చాడు," అన్నాను. "ఆ పిల్ల పడింది ఇటుకలు పెట్టినందుకు కాదు. మేం వచ్చేలోపు తీసేసే ఏర్పాటు ఉంది. ఆరింటికి వస్తామని మాట. ఆ మాట ఇచ్చిన మనిషే గంట ముందుకు జరిపి, ఇంటికి ఒక్క ఫోన్ చేయలేదు. చేసుంటే రోడ్డు మీద ఏమీ ఉండేది కాదు."

"ఆ మనిషి పేరు?"

"నవనీత," అన్నాను. "నేనే."